డిస్ట్రాక్ట్: మనసును పక్కకు లాగేది ఎవరు?

ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే ఇంగ్లీషు మాట డిస్ట్రాక్ట్. ఇది మీరు విననిదేమీ కాదు. "పుస్తకం పట్టుకుంటే చాలు, డిస్ట్రాక్ట్ అయిపోతున్నానురా" అని స్నేహితులతో రోజూ అంటూనే ఉంటారు. తెలుగు మాటల మధ్య అలా వాడినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. అదే మాటతో ఇంగ్లీషులో ఒక వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు, ఒక ఇంటర్వ్యూలో మన గురించి మనం చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు చిక్కు వస్తుంది.

ఆ చిక్కు ఎలాంటిదో ఒక అనుభవం చెబుతాను. నేను ఒక కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ప్రిన్సిపాల్‌కు అర్జీ రాసింది. వాళ్ల తరగతి గది పక్కనే కొత్త భవనం కడుతున్నారు. పొద్దున తొమ్మిది నుంచి కాంక్రీటు కలిపే యంత్రం మోత. పాఠం ఒక్క ముక్క వినబడదు. పరీక్షలు చూస్తే దగ్గరికొచ్చాయి. ఆ అమ్మాయి రాసిన వాక్యం ఇది: "సర్, ఐ యామ్ డిస్ట్రాక్టింగ్ ఇన్ ద క్లాస్ ఎవ్రీ డే. ప్లీజ్ టేక్ యాక్షన్."

తను చెప్పాలనుకున్నది "క్లాసులో నా ధ్యాస చెదిరిపోతోంది, ఏదైనా చేయండి" అని. కాగితం మీద పడింది మాత్రం వేరు. "అయ్యా, నేను రోజూ క్లాసులో అందరి ధ్యాసా చెడగొడుతున్నాను, దయచేసి చర్య తీసుకోండి" అని! ప్రిన్సిపాల్ ఆ అమ్మాయిని పిలిపించి, క్రమశిక్షణ గురించి పది నిమిషాలు మందలించి పంపారు. కళ్లనీళ్లతో నా దగ్గరికి వచ్చి, "నేనేం తప్పు చేశాను సార్?" అని అడిగింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఒక ప్రత్యయానిది. అది ఎక్కడ జరిగిందో ఇప్పుడు చూద్దాం.

మాట పుట్టుక

డిస్ట్రాక్ట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. అందులో రెండు ముక్కలున్నాయి. "డిస్" అంటే విడిగా, వేరే దిక్కుకు. "ట్రాక్ట్" అంటే లాగడం. రెండూ కలిపితే "వేరే దిక్కుకు లాగడం". కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి గట్టు మీది పచ్చిక వైపు లాగితే నాగలి చాలులో నిలుస్తుందా? ఆ బొమ్మను మనసులో ఉంచుకోండి. ఈ పాఠమంతటికీ అదే ఆధారం.

"ట్రాక్ట్" ముక్క మీకు పాత చుట్టమే. పొలంలో లాగే బండి ట్రాక్టర్. తన వైపు లాక్కుంటే అట్రాక్ట్. లోపలి నుంచి బయటికి లాగితే ఎక్స్‌ట్రాక్ట్, అంటే పిండి తీసిన సారం. ఒక సంఖ్యలోంచి మరొకటి లాగేస్తే సబ్‌ట్రాక్ట్, తీసివేత. అన్న మాటను వెనక్కి లాక్కుంటే రిట్రాక్ట్. ఒక్క ధాతువు తెలిస్తే ఇన్ని మాటలు చేతికొస్తాయి. కొత్త ఇంగ్లీషు మాట కనబడినప్పుడు దాన్ని ముక్కలు చేసి చూసే అలవాటు చేసుకోండి. బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

ఇప్పుడు మన మాటలు చూడండి. దీనికి ఎదురైన స్థితిని మనం ఏకాగ్రత అంటాం. ఏక, అగ్రం. ఒకే మొన, ఒకే కొస. ఇంగ్లీషులో కాన్‌సెంట్రేషన్ అంటే అన్నిటినీ ఒక కేంద్రానికి చేర్చడం. రెండు భాషలూ దాదాపు ఒకే బొమ్మ గీశాయి. కానీ ధ్యాస చెదిరే విషయానికి వచ్చేసరికి దారులు వేరయ్యాయి. మనం పరధ్యానం అంటాం. పర అంటే వేరొకటి. ధ్యానం ఉంది, కాకపోతే మరో దాని మీద ఉంది. ఇందులో ఎవరూ ఎవరినీ లాగలేదు. మనసే వెళ్లింది. ఇంగ్లీషు మాటలో మాత్రం లాగేవాడు తప్పకుండా ఉంటాడు. వ్యాకరణంలో మనవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

మళ్లడం, మళ్లించడం

తెలుగులో మనకు క్రియలు జంటలుగా దొరుకుతాయి. మళ్లు, మళ్లించు. మరలు, మరల్చు. చెదురు, చెదరగొట్టు. "నా ధ్యాస మళ్లింది" అంటే దానంతటదే మళ్లింది. "టీవీ నా ధ్యాస మళ్లించింది" అంటే టీవీ ఆ పని చేసింది. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం.

నేటి ఇంగ్లీషులో డిస్ట్రాక్ట్ సకర్మక క్రియగానే నడుస్తుంది. అంటే దానికి మళ్లించు అనే అర్థమే ఉంది, మళ్లు అనే అర్థం లేదు. అందువల్ల ఈ రెండు వాక్యాలూ తప్పు:

"మై మైండ్ డిస్ట్రాక్టెడ్."
"ఐ డిస్ట్రాక్ట్ ఈజిలీ."

ఈ వాక్యాలు వినగానే ఇంగ్లీషు వచ్చినవారికి ఒక ప్రశ్న మిగిలిపోతుంది: ఎవరిని మళ్లించింది? కర్మ లేదు కదా! "మళ్లింది" అని చెప్పాలంటే ఇంగ్లీషులో కర్మణి ప్రయోగం చేయాలి:

"ఐ వాజ్ డిస్ట్రాక్టెడ్." నా ధ్యాస మళ్లింది.
"ఐ గెట్ డిస్ట్రాక్టెడ్ ఈజిలీ." నా ధ్యాస ఇట్టే చెదిరిపోతుంది.

"గెట్ డిస్ట్రాక్టెడ్" అనేది మాట్లాడే భాషలో ఎక్కువగా వినబడుతుంది. "బీ డిస్ట్రాక్టెడ్" రాతలోనూ మాటలోనూ చెల్లుతుంది. మనం తెలుగులో "డిస్ట్రాక్ట్ అయ్యాను" అంటాం చూశారూ, ఆ "అయ్యాను" చేసే పనినే ఇంగ్లీషులో "వాజ్", "గాట్" చేస్తాయి. కాబట్టి "అయ్యాను"ను వదిలేసి అనువదించకండి.

ఇంగ్ ఎవరిది, ఎడ్ ఎవరిది?

మళ్లీ ఆ అమ్మాయి అర్జీ దగ్గరికి వెళదాం. "డిస్ట్రాక్ట్ అవుతున్నాను" అనే మాటలో "తున్నాను" ఉంది. చిన్నప్పటి నుంచి "తున్నాను" అంటే "యామ్" పక్కన "ఇంగ్" అని నేర్చుకున్నాం. తింటున్నాను, ఐ యామ్ ఈటింగ్. వెళుతున్నాను, ఐ యామ్ గోయింగ్. ఆ లెక్కనే "ఐ యామ్ డిస్ట్రాక్టింగ్" అని రాసేసింది. అక్కడే బోల్తా పడింది.

సూత్రం చిన్నదే. లాగేదానికి "ఇంగ్", లాగబడేవారికి "ఎడ్".

"ద నాయిస్ ఈజ్ డిస్ట్రాక్టింగ్." ఆ మోత ధ్యాస చెడగొట్టేలా ఉంది.
"ద స్టూడెంట్స్ ఆర్ డిస్ట్రాక్టెడ్." విద్యార్థుల ధ్యాస చెదిరింది.

ఇదే సూత్రం బోరింగ్, బోర్డ్, ఇంట్రెస్టింగ్, ఇంట్రెస్టెడ్, కన్‌ఫ్యూజింగ్, కన్‌ఫ్యూజ్డ్ జంటలకూ వర్తిస్తుంది. ఇంటర్వ్యూలో "ఐ యామ్ బోరింగ్" అంటే "నేను విసుగు పుట్టించే మనిషిని" అని ఒప్పుకున్నట్టే. "నా ధ్యాస ఇప్పుడు చెదిరిపోతోంది" అని చెప్పాలంటే "ఐ యామ్ గెటింగ్ డిస్ట్రాక్టెడ్" అనాలి. "ఇంగ్" ఎక్కడికి చేరిందో చూశారా? "గెట్" మీదికి వెళ్లింది. డిస్ట్రాక్ట్ మీద "ఎడ్" అలాగే నిలిచింది.

పలకడంలో ఒక జాగ్రత్త. ఊనిక రెండో భాగం మీద పడాలి, "ట్రాక్ట్" మీద. అందులోని అచ్చు "ఆ" కాదు. "వచ్చాడు" అనే మాటలో చాలామంది తెలుగువాళ్ల నోట వినిపించే ధ్వనికి అది దగ్గర, కాకపోతే పొట్టిగా పలకాలి. మాట చివర "ట్" ఉంది కనుక "ఎడ్" చేరినప్పుడు అది విడిగా వినబడాలి. "డిస్-ట్రాక్-టిడ్" అని మూడు భాగాలుగా పలకండి.

ఫ్రమ్, బై

ఈ క్రియ పక్కన సాధారణంగా రెండు విభక్తి పదాలు వస్తాయి. దేని నుంచి లాగిందో చెప్పడానికి "ఫ్రమ్". ఏది లాగిందో చెప్పడానికి, కర్మణి ప్రయోగంలో, "బై".

"ద మ్యూజిక్ డిస్ట్రాక్టెడ్ మీ ఫ్రమ్ మై స్టడీస్." ఆ పాటలు నా చదువు మీది ధ్యాసను మళ్లించాయి.
"ఐ వాజ్ డిస్ట్రాక్టెడ్ బై ద మ్యూజిక్." ఆ పాటల వల్ల నా ధ్యాస మళ్లింది.

తెలుగులో "చదువు మీద" ధ్యాస అంటాం కనుక కొందరు "డిస్ట్రాక్టెడ్ ఆన్ స్టడీస్" అని రాస్తారు. అది తప్పు. లాగడం అన్నాక ఎక్కడి నుంచో లాగాలి. అందుకే "ఫ్రమ్". బొమ్మ గుర్తుంటే విభక్తి దానంతటదే గుర్తుకొస్తుంది.

నామవాచకం డిస్ట్రాక్షన్. దీనికి రెండు వాడకాలున్నాయి. ధ్యాస లాగే ఒక్కో వస్తువునూ చెప్పేటప్పుడు లెక్కపెట్టవచ్చు: "దేర్ ఆర్ టూ మెనీ డిస్ట్రాక్షన్స్ ఇన్ ద హాస్టల్" అంటే హాస్టల్లో ధ్యాస చెడగొట్టేవి మరీ ఎక్కువ. చెదరడం అనే స్థితిని చెప్పేటప్పుడు లెక్క ఉండదు: "షీ వర్క్‌డ్ ఫర్ త్రీ అవర్స్ వితౌట్ డిస్ట్రాక్షన్" అంటే మూడు గంటలు చెదరకుండా పనిచేసింది.

ఇరుగుపొరుగు మాటలు

మనవాళ్లు అన్నిటికీ ఒకే మాట వాడతారు: డిస్టర్బ్. ఇంగ్లీషులో ఏ పనికి ఆ మాట ఉంది. ఆ అమ్మాయి కాలేజీనే తీసుకుని నాలుగు మాటలూ చూద్దాం.

యంత్రం మోతకు పక్కనున్న హాస్టల్లో జ్వరంతో పడుకున్న పిల్లకు నిద్ర పాడైంది. ఇక్కడ డిస్టర్బ్. ప్రశాంతతను, నిద్రను, అమరికను చెరిపేదానికి ఈ మాట.

తరగతిలో ఒకరు పాఠం వింటున్నారు, చెవి మాత్రం మోత వైపు పోయింది. ఇక్కడ డిస్ట్రాక్ట్. ఇది ధ్యాసకు సంబంధించింది.

తవ్వకంలో కరెంటు తీగ తెగి, ప్రయోగశాలలో క్లాసు మధ్యలో ఆగిపోయింది. ఇక్కడ డిస్‌రప్ట్. ఇందులోని "రప్ట్" అంటే విరగడం. సాగుతున్న పని తెగిపోతే ఈ మాట.

ఇటుకల లారీలు గేటు ముందు నిలవడంతో విద్యార్థులను వెనక గేటుకు పంపారు. ఇక్కడ డైవర్ట్. "వర్ట్" అంటే తిప్పడం. దారి మళ్లించడమన్నమాట. ట్రాఫిక్‌ను, నీటిని, నిధులను డైవర్ట్ చేస్తారు. ధ్యాసకూ ఈ మాట చెల్లుతుంది గాని, డిస్ట్రాక్ట్ అంత విరివిగా కాదు.

ఇక ఆబ్సెంట్‌మైండెడ్ అనేది స్వభావాన్ని చెబుతుంది. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెదికే తాతయ్య ఆబ్సెంట్‌మైండెడ్. ఆయన్ను ఎవరూ ఎటూ లాగలేదు.

చెడ్డ మాటేనా?

ఎప్పుడూ కాదు. సూది మందు వేసేటప్పుడు నర్సమ్మ "అదిగో పిట్ట" అని కిటికీ వైపు చూపిస్తుంది. పిల్లవాడు అటు చూస్తాడు, పని అయిపోతుంది. "ద నర్స్ డిస్ట్రాక్టెడ్ ద చైల్డ్." ఇది మంచి పనే. పరీక్ష రాసి ఫలితాల కోసం గాభరాపడుతున్న రోజుల్లో ఊళ్లో జాతర వస్తే అది "ఎ వెల్‌కమ్ డిస్ట్రాక్షన్", అంటే మనసుకు ఊరట.

ఒక పాత అర్థం కూడా ఉంది. కొన్ని శతాబ్దాల కిందట డిస్ట్రాక్టెడ్ అంటే మతి చెదిరిన అని. మనసును అటూ ఇటూ లాగేస్తే చివరికి మిగిలేది అదే కదా! షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో తండ్రి మరణంతో మతి తప్పిన ఒఫీలియా ప్రవేశించే చోట, 1623లో అచ్చయిన ఫోలియో ప్రతిలోని రంగ సూచన ఈ మాటనే వాడింది. ఆ అర్థం ఇప్పుడు విడిగా వాడరు గాని "డ్రైవ్ సమ్‌వన్ టు డిస్ట్రాక్షన్" అనే పలుకుబడిలో మిగిలి ఉంది. పిచ్చెక్కించడం అని అర్థం. డిస్ట్రాట్ అనే మాట కూడా దీని తోబుట్టువే. దుఃఖంతో తల్లడిల్లిన స్థితిని అలా అంటారు.

అందుకే "షీ సీమ్డ్ డిస్ట్రాక్టెడ్ టుడే" అని ఎవరైనా అంటే అల్లరి అనుకోకండి. "ఈవేళ ఆమె మనసు మనసులో లేదు" అని దాని భావం. ఇంట్లో ఏదో కష్టం ఉండవచ్చు. అలాంటప్పుడు మందలించకుండా, ఏమైందని అడగాలి.

పరీక్షలో, రోడ్డు మీద

ఈ మాట మీకు తెలియకుండానే ప్రతి పోటీ పరీక్షలోనూ మీ ముందు కూర్చుంటుంది. ఆబ్జెక్టివ్ ప్రశ్నకు నాలుగు జవాబులిస్తారు. సరైనదాన్ని కీ అంటారు. మిగిలిన మూడు తప్పు జవాబులనూ డిస్ట్రాక్టర్లు అంటారు. వాటిని గుడ్డిగా పెట్టరు. విద్యార్థులు మామూలుగా చేసే తప్పులేమిటో చూసి, వాటినే జవాబులుగా అమరుస్తారు. రెండు సంఖ్యలు గుణించాల్సిన చోట కూడితే ఏమి వస్తుందో అది ఒక జవాబుగా ఉంటుంది. కాబట్టి మీరు వేసిన లెక్కకు సరిపోయే జవాబు కనబడినంత మాత్రాన లెక్క సరైనదని అనుకోవద్దు. అది మిమ్మల్ని పక్కకు లాగడానికి పెట్టినదే కావచ్చు.

రోడ్డు మీద ఈ మాటకు మరింత బరువు ఉంది. డిస్ట్రాక్టెడ్ డ్రైవింగ్ అంటే ధ్యాస రోడ్డు మీద లేకుండా బండి నడపడం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 16.7 మీటర్లు పోతుంది. ఫోనులో వచ్చిన సందేశం చూడడానికి 2 సెకన్లు కళ్లు దించారనుకోండి. ఆ రెండు సెకన్లలో బండి 33 మీటర్లు వెళ్లిపోయింది. క్రికెట్ పిచ్ పొడవు 20 మీటర్ల పైచిలుకు. అంటే ఒకటిన్నర పిచ్‌కు మించిన దూరం కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టే. మన దేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, చేతిలో ఫోను పట్టుకుని వాడుతూ బండి నడపడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌గా చేర్చింది.

అభ్యాసం

కింది వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చండి. జవాబులు చూడకుండా ముందు మీరే రాయండి.

1. ఫోను నా చదువు మీది ధ్యాసను మళ్లిస్తుంది.
2. వాన చప్పుడుకు నా ధ్యాస చెదిరింది.
3. ఆ ఫ్యాను శబ్దం ధ్యాస చెడగొట్టేలా ఉంది.
4. మా తమ్ముడి ధ్యాస ఇట్టే చెదిరిపోతుంది.
5. నాన్నగారి నిద్ర పాడుచేయకు.

జవాబులు:

1. "మై ఫోన్ డిస్ట్రాక్ట్స్ మీ ఫ్రమ్ మై స్టడీస్."
2. "ఐ వాజ్ డిస్ట్రాక్టెడ్ బై ద సౌండ్ ఆఫ్ ద రెయిన్."
3. "ద నాయిస్ ఆఫ్ ద ఫ్యాన్ ఈజ్ డిస్ట్రాక్టింగ్."
4. "మై బ్రదర్ గెట్స్ డిస్ట్రాక్టెడ్ ఈజిలీ."
5. "డోంట్ డిస్టర్బ్ ఫాదర్స్ స్లీప్." నిద్ర కాబట్టి డిస్టర్బ్. ఇక్కడ డిస్ట్రాక్ట్ అని రాసినవారు పాఠంలో ఆ భాగం మరోసారి చదవండి.

చివరగా ఒక మాట. "ఐ వాజ్ డిస్ట్రాక్టెడ్" అనే కర్మణి వాక్యంలో లాగినదెవరో చెప్పకుండా తప్పించుకోవచ్చు. కర్తరి వాక్యంలో ఆ వీలు లేదు. కర్త ఉండి తీరాలి. అందుకని ఈ రాత్రి పడుకునే ముందు మీ నోటు పుస్తకంలో మూడు కర్తరి వాక్యాలు రాయండి. ఈ రోజు మిమ్మల్ని ఏది లాగింది, దేని నుంచి లాగింది? "... డిస్ట్రాక్టెడ్ మీ ఫ్రమ్ ..." అనే మూసలో ఖాళీలు నింపండి. వారం రోజులు రాస్తే మీకు వ్యాకరణం వస్తుంది. మొదటి ఖాళీలో పదే పదే ఏ పేరు పడుతోందో కూడా తెలుస్తుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పనేలేదు కదూ? మర్నాడు అర్జీని తిరగరాసింది: "ద నాయిస్ ఫ్రమ్ ద న్యూ బిల్డింగ్ డిస్ట్రాక్ట్స్ అస్ ఫ్రమ్ అవర్ లెసన్స్." లాగేదెవరో ముందే చెప్పింది. ఎవరిని, దేని నుంచి లాగుతోందో ఆ వెంటనే చెప్పింది. ప్రిన్సిపాల్ చదివి, ఈసారి ఎవరినీ పిలిపించలేదు. సోమవారం నుంచి ఆ తరగతిని మెట్ల అవతలి గదికి మార్చారు.